హామ్లెట్ ప్రార్థన సీన్: కత్తి ఎందుకు దిగలేదు (ప్రాజెక్టు డైరీ)

షేక్స్‌పియర్ హామ్లెట్‌ని తెలుగులో, చిన్న హాల్లో, ఏడుగురు మనుషులతో చేద్దామనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. నాటకం మొత్తం గురించి రాయట్లేదు, మూడో అంకం మూడో రంగం ఒక్కటే. అన్నని చంపి, వదినని పెళ్ళి చేసుకుని రాజైన క్లాడియస్ ఒంటరిగా మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేసుకుంటుంటాడు, చనిపోయిన రాజు కొడుకు హామ్లెట్ వెనక నుంచి వచ్చి కత్తి దూస్తాడు, మళ్ళీ ఒరలో పెట్టేసి వెళ్ళిపోతాడు. చదివితే నాలుగైదు నిమిషాల సీను. మాకు ఆరు వారాలు పట్టింది, ఎందుకంటే ఎన్నిసార్లు చేసినా చూసినవాళ్ళకి అతను ఎందుకు చంపలేదన్నది తప్పుగానే వెళ్తోంది.

స్టేజ్ 0: మొదలుపెట్టేటప్పుడు ఉన్నవి

వేదిక 22 అడుగుల వెడల్పు, 14 అడుగుల లోతు. వింగ్ (నటులు లోపలికీ బయటికీ వెళ్ళే పక్క దారి) కుడివైపు మాత్రమే ఉంది, ఎడమవైపు గోడ. రెండు ఎల్ఈడీ లైట్లు అద్దెకి. ఏడుగురిలో హామ్లెట్ వేసే తమ్ముడు పద్య నాటకాల నుంచి వచ్చాడు, క్లాడియస్ వేసే ఆయన పరిషత్తు పోటీల్లో చాలా ఏళ్ళు ఆడారు.

స్క్రిప్టు గురించి ఒక మాట చెప్పాలి, తర్వాత పనికొస్తుంది. ఈ నాటకానికి పాత ముద్రణలు మూడున్నాయి. 1603లో వచ్చినది చిన్నది, దాదాపు 2,200 లైన్లు. 1604-05లో వచ్చినది అన్నిటికంటే పెద్దది, దాదాపు 3,800 లైన్లు. 1623లో వచ్చిన పెద్ద సంపుటిలోది మూడోది. మూడింటిలోనూ మాటలు తేడాగా ఉంటాయి, కొన్ని సీన్లు ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో ఉండవు. మొత్తం ఆడితే నాలుగు గంటలు. మేం 1604-05 దాన్ని పట్టుకుని కత్తిరించుకుంటూ వచ్చాం.

మొదటి కోతలో తీసేసినవి:
1. నటులు వచ్చి ట్రాయ్ కథ చెప్పే ముక్క.
2. హామ్లెట్ చిన్ననాటి స్నేహితులు రోజెన్‌క్రాంట్జ్, గిల్డెన్‌స్టెర్న్ చావు గురించి హామ్లెట్ చెప్పే మాటలు.
3. లేర్టీస్ (రాజు సలహాదారు పొలోనియస్ కొడుకు), క్లాడియస్ కలిసి కుట్ర పన్నే సీన్లో సగం.
4. ఫోర్టిన్‌బ్రాస్ (నార్వే రాకుమారుడు) మొత్తం.

ఈ నాలుగింట్లో మూడు తీసెయ్యడం తప్పని తర్వాత తెలిసింది, స్టేజ్ 6లో రాశా.

ఖర్చు: మోకాళ్ళ పీట (ప్లైవుడ్) 650, ఇనుప పట్టీతో కత్తి 480. మొత్తం 1,130 రూపాయలు.
టైము: మొత్తం నాటకం 52 నిమిషాలు, ఈ సీను 6 నిమిషాల 50 సెకన్లు.

స్టేజ్ 1: మొదటి టెస్టు, ఫెయిల్

కాలనీలో 11 మందిని కూర్చోబెట్టి మూడో అంకం వరకు ఆడి చూపించాం. అయిపోగానే ఎవరూ ఎవరితో మాట్లాడకముందే ఒక్కొక్కరికి చీటీ ఇచ్చి ఒకే ప్రశ్న రాయమన్నాం: అతను ఎందుకు చంపలేదు? ఇది మాత్రం తప్పకుండా చీటీ మీదే రాయించండి. నోటితో అడిగితే మొదట మాట్లాడినాయన ఏమంటే మిగతావాళ్ళంతా అదే అంటారు.

దయ తలిచి వదిలేశాడు: 5
భయపడ్డాడు: 4
ప్రార్థనలో చంపితే స్వర్గానికి పోతాడు, నరకానికి పోయేలా చంపాలని ఆగాడు: 2

మూడోదే నాటకంలో ఉన్నది. హామ్లెట్ స్వయంగా నోరు తెరిచి చెప్తాడు. మా నాన్నని పాపాలు కడుక్కునే వీలు లేకుండా, తిన్న కడుపుతో ఉండగా చంపాడు, వీణ్ణి ఇప్పుడు చంపితే శుభ్రంగా ఉన్నవాణ్ణి పైకి పంపినట్టు, కాబట్టి తాగి పడున్నప్పుడో, కోపంలో ఉన్నప్పుడో, జూదంలో ఉన్నప్పుడో, మా అమ్మ పక్కలో ఉన్నప్పుడో చంపుతా అంటాడు. అంత స్పష్టంగా చెప్పినా 11 మందిలో తొమ్మిది మందికి చేరలేదంటే తప్పు మాలోనే ఉంది.

నాకు ఇది ఎందుకంత ముఖ్యం అంటే, ఈ మాటలు చేరకపోతే హామ్లెట్ ఒట్టి తటపటాయించే మనిషిగా మిగిలిపోతాడు. చేరితే అతనిలో ఏం జరుగుతోందో కనబడి ఒళ్ళు జలదరిస్తుంది. చంపడం సరిపోవట్లేదు అతనికి, చనిపోయాక కూడా వాడు కాలాలి. ఇంగ్లీషు విమర్శకుడు శామ్యూల్ జాన్సన్ 1765లో తను వేసిన షేక్స్‌పియర్ నాటకాల ముద్రణలో ఈ మాటల దగ్గర ఆగి, ఇవి చదవడానికీ పలకడానికీ వీల్లేనంత ఘోరంగా ఉన్నాయని రాశాడు. ఆ తర్వాత కూడా చాలాకాలం స్టేజీ మీద హామ్లెట్ వేసేవాళ్ళు ఈ మాటల్ని కత్తిరించేవాళ్ళు, కథానాయకుడి నోట్లోంచి అవి రావడం ఇష్టం లేక. మేం కత్తిరించకుండా పెట్టినా కూడా కత్తిరించినట్టే అయింది.

స్టేజ్ 2: వణికిన చెయ్యి

వీడియో చూస్తే నలుగురు భయం అని ఎందుకు రాశారో తెలిసిపోయింది. హామ్లెట్ మాటలు మూలంలో దాదాపు 24 లైన్లు, మా తెలుగులో అప్పటికి 2 నిమిషాల 10 సెకన్లు. అంతసేపూ మా తమ్ముడు కత్తి తల మీదకి ఎత్తి పట్టుకున్నాడు. ఇనుప కత్తి పిడితో కలిపి 760 గ్రాములు. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి వీడియో మళ్ళీ చూశా, సరిగ్గా 35వ సెకను దగ్గర మోచెయ్యి వణకడం మొదలైంది, నిమిషం దాటేసరికి కత్తి మొన ఊగుతోంది. కింద కూర్చున్నవాళ్ళకి అది బరువు అని ఎలా తెలుస్తుంది, భయం అనే అనుకుంటారు.

మార్చినవి:
1. ఇనుము తీసేసి 3 మిల్లీమీటర్ల అల్యూమినియం పట్టీ, రెండున్నర అడుగుల పొడవు. పిడితో కలిపి 340 గ్రాములు. మొన గుండ్రంగా రాకించి టేపు చుట్టాం.
2. కత్తి ఎత్తడం మానేశాం. నడుము ఎత్తులో, మోచెయ్యి పక్కటెముకకి ఆనించి పట్టుకుంటాడు. ఇలాగైతే మూడు నిమిషాలైనా వణకదు.
3. వచ్చేటప్పుడు కత్తి ఒరలోనే. "ఇప్పుడు చంపెయ్యొచ్చు" దగ్గర పిడి మీద చెయ్యి. "చంపేస్తా" దగ్గర దూస్తాడు. మొన మెడకి 18 అంగుళాల దగ్గర ఆగుతుంది. అంతకంటే దగ్గరికి రానివ్వకండి, మోకాళ్ళ మీద ఉన్న మనిషికి వెనక ఏం జరుగుతోందో కనపడదు, ఉన్నట్టుండి తల తిప్పితే కంటికి తగులుతుంది.
4. మొదట రాజు వెనక నిలువుగా నిలబడ్డాడు, కింద నుంచి చూస్తే కత్తి చుక్కలా కనిపించింది. ఏటవాలుగా, దాదాపు 45 డిగ్రీల కోణంలోకి జరిపాం. ఇప్పుడు మెడా మొనా మధ్య ఖాళీ అందరికీ కనిపిస్తుంది.

గొంతు సంగతి కూడా ఇక్కడే తేలింది. పద్యం అలవాటున్న గొంతు కాబట్టి ప్రతి వాక్యం చివర తెలియకుండానే రాగం తీస్తున్నాడు, శృతి పైకి పోతోంది. ముందు వరసలో కూర్చున్న పిల్లవాడు "అంత గట్టిగా అరుస్తుంటే రాజుకి వినపడదా?" అని అడిగాడు. సరైన ప్రశ్న. గొంతు తగ్గించి, రాజు వైపు కాకుండా జనం వైపు తిరిగి, పక్క మనిషితో లెక్క చెప్తున్నట్టు చెప్పమన్నా. "అన్నా, మెల్లగా చెప్తే వెనక వరసకి చేరదేమో" అన్నాడు. చేరింది. పైగా మెల్లగా చెప్పేసరికి ఆ మాటల్లో ఉన్న చల్లదనం బయటికొచ్చింది. అరిచినప్పుడు ఆవేశంగా అనిపించినది ఇప్పుడు ఆలోచించి అంటున్నట్టుంది, అది ఇంకా భయంకరంగా ఉంది.

ఖర్చు: అల్యూమినియం 260, రెక్సిన్ ఒర 340. ఇప్పటిదాకా 1,730.
టైము: సీను 5 నిమిషాల 40 సెకన్లు. మొత్తం 50 నిమిషాల 50 సెకన్లు.

స్టేజ్ 3: ఒక్క మాట

దయ అని రాసిన ఐదుగురినీ పిలిచి ఎందుకలా అనిపించిందని అడిగా. ముగ్గురు ఒకే చోటు చూపించారు. "ఇది నీచమైన పని అన్నాడు కదండీ, అందుకే వదిలేశాడు."

అప్పుడు స్క్రిప్టు తీసి చూశా. మేం పట్టుకున్న 1604-05 ముద్రణలో అక్కడ నీచం, తెలివితక్కువ అనే అర్థం వచ్చే మాటలున్నాయి. నేను "ఇది నీచం, తెలివితక్కువతనం, పగ కాదు" అని రాసుకున్నా. ప్రార్థన చేస్తున్న మనిషిని వెనక నుంచి చంపడం నీచమని హామ్లెట్ అంటున్నట్టు విన్నారు జనం, వాళ్ళ తప్పేం లేదు. 1623 ముద్రణ చూస్తే అదే చోట కూలి, జీతం అనే మాటలున్నాయి. 1603 దాంట్లో ఇంకా తేడా, అక్కడ మేలు అని ఉంది. మూడు ముద్రణల్లో మూడు మాటలు, కానీ మిగతా రెండూ చెప్పేది మాత్రం ఒకటే, ఇప్పుడు చంపితే వాడికి ఉపకారం చేసినట్టు.

మార్చిన లైను: "ఇది కూలిచ్చి సాగనంపినట్టు. పగ తీర్చుకున్నట్టు కాదు."

కూలి అన్నాక ఇక దయ అనిపించే సందే లేదు. ఒక హత్య చేసినవాడికి చేసిన పనికి కూలి లెక్కగట్టి చేతిలో పెట్టి పంపించడం, ఇంతకంటే తెలుగులో సూటిగా చెప్పలేననిపించింది.

ఇంకో మాట కూడా మార్చా. మొదట్లో అంతటా ప్రతీకారం అని రాశా. ప్రతీకారం అంటే పేపర్లో చదివినట్టు ఉంటుంది, మనిషికి దూరంగా. పగ అంటే కడుపులో ఉంటుంది, రగులుతుంది, చల్లారుతుంది. హామ్లెట్‌కి, అతని తండ్రి దెయ్యానికి పగ ఉంచా. క్లాడియస్ లేర్టీస్‌ని ఎగదోస్తూ తియ్యగా మాట్లాడేటప్పుడు మాత్రం ప్రతీకారం. వాడి నోట్లో ఆ మాట సరిగ్గా సరిపోయింది.

రెండో టెస్టు, 9 మంది:
దయ: 4
భయం: 1
నరకానికి పంపాలని: 4

రెండు టెస్టులు కలిపి 20 మందిలో సరిగ్గా పట్టుకున్నవాళ్ళు 6. భయం దాదాపు పోయింది. దయ మాత్రం అలాగే ఉంది.

స్టేజ్ 4: ప్రార్థన నిజమని నమ్మేశారు

ఇక్కడే ఎక్కువ రోజులు ఆగిపోయాం.

రెండో టెస్టుకి వచ్చిన ఒక పెద్దావిడ, రోజూ భాగవతం చదువుకునే మనిషి, చీటీ రాశాక నన్ను పక్కకి పిలిచి చెప్పారు. "అశ్వత్థామని కట్టేసి తెస్తే ద్రౌపది ఏమంది నాయనా, వదిలెయ్యమంది కదా, వాళ్ళమ్మ నాలా ఏడవకూడదంది. ఐదుగురు కొడుకుల్ని నిద్రలో చంపినవాణ్ణే వదిలింది. ఈ అబ్బాయి కూడా అలాగే అనుకున్నాడేమో అనుకున్నా."

అప్పుడు అర్థమైంది. కత్తి ఎత్తి దించిన ప్రతి చోటా మన చెవికి క్షమ వినిపిస్తుంది, ఆ కథ మనలో అంత లోతుగా ఉంది. ఇంకోటి అజామిళుడు. జీవితమంతా తప్పుదారిలో బతికి, చచ్చిపోయేటప్పుడు కొడుకుని నారాయణా అని పిలిస్తే యమదూతలు వెనక్కి పోయారు. కొడుకుని పిలిచాడంతే, దేవుణ్ణి కాదు, అయినా చాలింది. కాబట్టి చావు ఘడియలో దేవుడి తలపు ఉంటే పైకి పోతాడన్న హామ్లెట్ లెక్క తెలుగువాళ్ళకి వివరించాల్సిన పనే లేదు, వెంటనే పట్టుకుంటారు. కానీ దాని వెనకే ఒక చిక్కు కూడా వస్తోంది. పేరు తలిస్తే చాలన్న నమ్మకం ఉన్నవాళ్ళకి క్లాడియస్ ప్రార్థన ఎందుకు పారలేదో అర్థం కాదు.

నాటకంలో లెక్క వేరు. అక్కడ పశ్చాత్తాపం కావాలి, పశ్చాత్తాపానికి ముందు దోచుకున్నది వదలాలి. క్లాడియస్ దాదాపు 37 లైన్లు తనతో తాను వాదించుకుంటాడు. అన్న రక్తం అంటిన ఈ చేతిని కడగడానికి ఆకాశంలో వానలు లేవా అంటాడు. వెంటనే, దేని కోసం చంపానో అవి ఇంకా నా దగ్గరే ఉన్నాయి కదా, కిరీటం, నా ఆశ, నా రాణి, వాటిని ఉంచుకుని క్షమాపణ ఎలా అడగను అంటాడు. ఆ మనిషికి తన పాపం పూర్తిగా తెలుసు. వదలలేడంతే. నాకు నాటకం మొత్తంలో నిజాయితీగా ఆలోచించే ఘడియ ఇదే అనిపిస్తుంది, అదీ హంతకుడి నోట.

ఇదంతా మాటల్లో ఉంది, కంటికి లేదు. మా రాజు రెండు చేతులూ జోడించి, కళ్ళు మూసుకుని, చాలా భక్తిగా కూర్చున్నారు. నమస్కారం చూడగానే జనం మాటలు వినడం ఆపేశారు.

ఈ లోపు ఒక దారి పట్టి ఒక రోజు పోగొట్టుకున్నాం, అది కూడా రాస్తా. కథని మన జమీందారీ ఇంట్లోకి మార్చేస్తే పోలా అన్నారు మావాళ్ళు. ఒక రిహార్సల్ చేశాం. మొదటి అంకంలోనే విరిగిపోయింది. తండ్రి దెయ్యం వచ్చి, పాపాలు చెప్పుకోకుండా పోయా, పగలంతా మంటల్లో కాలుతున్నా అంటుంది. మనింట్లో తండ్రి అలా కనిపిస్తే కొడుకు చేసే మొదటి పని కర్మకాండ సరిగ్గా జరిగిందో లేదో చూడటం, గయకి వెళ్ళి పిండం పెట్టడం. అంటే కొడుకు చేతుల్లో తండ్రికి విముక్తి ఇచ్చే దారి ఉంది. హామ్లెట్‌కి ఆ దారి లేదు, అతని ముందు పెట్టింది చంపడం ఒక్కటే. మన ఇంట్లో పెడితే ఆ బిగువే పోతుంది. కాబట్టి నాటకం జరిగే డెన్మార్క్ కోట ఎల్సినోర్‌ని ఎల్సినోర్‌లాగే ఉంచాం.

క్లాడియస్‌కి మార్చినవి:
1. చేతులు జోడించడం తీసేశాం. వేళ్ళు ఒకదాంట్లో ఒకటి బిగించి, వాళ్ళ పద్ధతిలో.
2. పీట ఎత్తు 12 అంగుళాల నుంచి 7కి తగ్గించాం. ఎత్తుగా ఉంటే ముఖం మీద లైటు పడక గడ్డం నీడలోకి పోతోంది.
3. కిరీటం. కూర్చునే ముందు తల మీద నుంచి తీసి కుడిచేతి పక్కన నేల మీద పెడతారు. మాట్లాడుతున్నంతసేపూ అది అక్కడే. "ఇవి ఉంచుకుని" అన్నప్పుడు కుడిచెయ్యి ప్రార్థన నుంచి విడిపోయి కిరీటం అంచు మీదకి పోతుంది, బొటనవేలితో అంచు నిమురుతుంది, మళ్ళీ వెనక్కి వస్తుంది.
4. హామ్లెట్ ఆ బొటనవేలిని చూడకూడదు. అందుకే 45 డిగ్రీలు ఎడమవైపు నుంచి, కిరీటం కుడివైపు. జనానికి కనిపిస్తుంది, హామ్లెట్‌కి రాజు వీపు అడ్డం.

నాలుగోది రాసుకున్నంత తేలిగ్గా కుదరలేదు. మొదట కిరీటం అట్టతో చేశాం, బొటనవేలు రాస్తే కాగితం చప్పుడు, అది జనానికి వినిపించి ఇబ్బంది. అల్యూమినియం ముక్క మిగిలింది కదా, దాన్నే వంచి లోపల గుడ్డ కుట్టి, బయట బంగారు రంగు కొట్టాం. ఇప్పుడు వేలు రాస్తే చప్పుడు లేదు, లైటు మాత్రం అంచు మీద సన్నగా కదులుతుంది. ఆ మెరుపు చూసి మా లైట్ల కుర్రాడు "అన్నా, ఆయన దేవుడితో మాట్లాడట్లేదు, కిరీటంతో మాట్లాడుతున్నాడు" అన్నాడు. ఇక దాన్ని ముట్టుకోలేదు.

ఖర్చు: అట్ట, రంగు కాగితం 180 (వృథా), స్ప్రే రంగు 220. ఇప్పటిదాకా 2,130.
టైము: సీను 6 నిమిషాల 15 సెకన్లు. మొత్తం 51 నిమిషాల 25 సెకన్లు.

స్టేజ్ 5: తెర

ప్రార్థన సీను దాటిన వెంటనే తల్లి గదిలో సీను. తెర వెనక ఎవరో కదిలితే హామ్లెట్ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా పొడిచేస్తాడు. తర్వాత "రాజేనా?" అని అడుగుతాడు. కాదు, రాజు సలహాదారు పొలోనియస్. ఇంతకుముందే ఒక ప్రాణం స్వర్గానికి పోతుందా నరకానికి పోతుందా అని లెక్కలేసిన మనిషి, ఇప్పుడు ఎవరో కూడా చూసుకోకుండా చంపాడు. ఈ రెండు సీన్లూ పక్కపక్కన పెట్టి చూస్తేనే ఆ జాగ్రత్త ఎంత వికృతమైందో తెలుస్తుంది.

మొదటి గుడ్డ పల్చనిది కొన్నాం. వెనక లైటు వేస్తే పొలోనియస్ నీడ మనిషాకారంలో కనిపించింది, చూసినవాళ్ళు హామ్లెట్‌కి ఎవరో తెలిసే పొడిచాడనుకున్నారు. ఆ గుడ్డ పక్కన పెట్టి, మా ఇంట్లో పాత మందపాటి కర్టెన్లు రెండు కలిపి కుట్టాం. ఏడున్నర అడుగుల ఎత్తు, ఐదడుగుల వెడల్పు, పీవీసీ పైపు ఫ్రేముకి వేలాడదీశాం.

కత్తి గుచ్చే పద్ధతి: తెర లోపలివైపు అంచు పక్క నుంచి కత్తి పోతుంది, పొలోనియస్ అక్కడికి రెండడుగులు అవతల నిలబడతారు. తగిలినట్టు చప్పుడు రాగానే ఆయన తెరని లోపల నుంచి గుప్పిట్లోకి లాక్కుంటారు. జనానికి గుడ్డ మడతలు ఒక్కచోటికి పోవడమే కనిపిస్తుంది, అది చాలు. తెరకి చీలిక పెట్టి అందులోంచి గుచ్చడం ఒకసారి చేశాం, కత్తి గుడ్డలో ఇరుక్కుని ఫ్రేము మొత్తం రాణి మీదకి వంగింది. అలా చెయ్యకండి. ఫ్రేము కాళ్ళకి చెరో ఐదు కిలోల ఇసుక సంచి కట్టండి.

ప్రార్థన సీన్లో హామ్లెట్ వెళ్ళిపోయిన దగ్గర్నుంచి పొడిచేదాకా మొదట 3 నిమిషాలు పట్టేది. కోసి 1 నిమిషం 50 సెకన్లకి తెచ్చాం. పొలోనియస్, రాణి మాటలు గట్టిగా చెప్తే ఇంకా తగ్గుతుంది గానీ తొందరపాటుగా వినిపిస్తుంది.

ఖర్చు: పల్చని గుడ్డ 700 (వాడలేదు), పైపు 420. ఇప్పటిదాకా 3,250.
టైము: మొత్తం 50 నిమిషాల 15 సెకన్లు.

స్టేజ్ 6: తీసేసినవి మళ్ళీ పెట్టడం

ఒక్క సీను పట్టుకుని ఎంత చెక్కినా సరిపోదని ఇక్కడ తెలిసింది. ఆ సీనుకి ముందూ వెనకా ఉన్నవే తీసేశాం మేం.

పిర్రస్: నటుడు చెప్పే ట్రాయ్ కథలో తండ్రి అకిలీస్ చావుకి పగ తీర్చుకోవడానికి పిర్రస్ ట్రాయ్ ముసలి రాజు ప్రియామ్ మీద కత్తి ఎత్తుతాడు, కత్తి గాల్లోనే ఆగిపోతుంది, బొమ్మలోని మనిషిలా నిలబడిపోతాడు, ఏమీ చెయ్యడు. తర్వాత కొట్టేస్తాడు. ఇది రెండో అంకంలో వస్తుంది, అంటే ప్రార్థన సీన్లో ఆగే కత్తిని షేక్స్‌పియర్ ముందే ఒకసారి చూపించేశాడు. మేం నిడివి కోసం తీసిపారేశాం. మళ్ళీ పెట్టాం, 1 నిమిషం 15 సెకన్లు. చెప్పే నటుడు అదే 45 డిగ్రీల కోణంలో, నడుము ఎత్తులో ఖాళీ చెయ్యి ఆపుతాడు.

లేర్టీస్: ఇతని తండ్రిని కూడా చంపారు, చంపింది హామ్లెట్. ఏం చేస్తావ్ అని క్లాడియస్ అడిగితే చర్చిలో గొంతు కోస్తానంటాడు. హామ్లెట్ ఎక్కడ ఆగాడో సరిగ్గా అక్కడే ఇతను ఆగనంటున్నాడు. దానికి క్లాడియస్ ప్రతీకారానికి హద్దులుండకూడదని మెచ్చుకుంటాడు, ఆ మెచ్చుకునేవాడు మొన్న మోకాళ్ళ మీద ఉన్నవాడే. 50 సెకన్లు. లేర్టీస్ వేసే కుర్రాడికి ఒకటే చెప్పా, చివర్లో విషం పూసిన కత్తితో కొట్టబోయే ముందు ఇది నా మనస్సాక్షికి దాదాపు విరుద్ధం అని ఒక్క మాట అనుకుంటాడు కదా, ఇక్కడ మొండిగా చెప్తేనే అక్కడ ఆ మాట బరువు తూగుతుంది అని.

రోజెన్‌క్రాంట్జ్, గిల్డెన్‌స్టెర్న్: ఇది నేను పూర్తిగా మర్చిపోయిన చోటు. ఐదో అంకంలో హామ్లెట్, ఉత్తరం మార్చి రాసి వాళ్ళిద్దర్నీ చావుకి పంపానని స్నేహితుడికి చెప్తాడు. పాపాలు చెప్పుకునే టైము కూడా ఇవ్వకుండా చంపమని రాశాడు. తండ్రికి జరిగిన ఘోరం అదే కదా, పాపాలు చెప్పుకునే వీలు లేకుండా పోవడం, దాని కోసమే కదా ఇంత పగ. అదే ఘోరం తన చిన్ననాటి స్నేహితులకి చేసి, వాళ్ళు నా మనస్సాక్షికి దగ్గర కారంటాడు. 40 సెకన్లు. ఈ 40 సెకన్లు లేకుండా ప్రార్థన సీను ఆడకండి. నేను ఎవరికైనా గట్టిగా చెప్పగలిగేది ఇదొక్కటే.

ఫోర్టిన్‌బ్రాస్‌ని పెట్టలేకపోయాం, మనుషులు సరిపోలేదు.

టైము: కలిపింది 2 నిమిషాల 45 సెకన్లు. మొత్తం సరిగ్గా 53 నిమిషాలు.

స్టేజ్ 7: ఆరు సెకన్లు

హామ్లెట్ వెళ్ళిపోయాక క్లాడియస్ లేచి రెండే లైన్లు చెప్తాడు. నా మాటలు పైకి ఎగురుతున్నాయి, నా తలపులు కిందే ఉన్నాయి, తలపు లేని మాటలు స్వర్గానికి చేరవు. అంటే హామ్లెట్ అప్పుడు చంపి ఉంటే అతను కోరుకున్నదే జరిగేది. జనానికి తెలిసింది, హామ్లెట్‌కి ఎప్పటికీ తెలియదు.

ఈ రెండు లైన్లకి ముందు ఎంతసేపు ఆగాలో మూడు రకాలుగా చేసి చూశాం:
1. 2 సెకన్లు: హామ్లెట్ మాటలింకా చెవిలో ఉన్నాయి, రాజు మాటలు వాటిలో కలిసిపోయాయి.
2. 10 సెకన్లు: సీను అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టారు.
3. 6 సెకన్లు: కుదిరింది. మొదటి రెండు సెకన్లు నిశ్చలం, తర్వాత రెండు కిరీటం తీసుకోవడానికి, చివరి రెండు తల మీద పెట్టుకోవడానికి. కిరీటం పెట్టుకున్నాకే మాట.

మూడో టెస్టు, 14 మంది:
దయ: 2
భయం: 1
నరకానికి పంపాలని: 11

మూడు టెస్టులు కలిపి 34 మందిలో 17.

ఈసారి చీటీలో ఇంకో ప్రశ్న కూడా పెట్టాం: రాజు ప్రార్థన ఫలించిందా? లేదు అని 13 మంది రాశారు. ఫలించిందని రాసింది ఒక్కరే, భాగవతం చదివే ఆ పెద్దావిడే, మళ్ళీ వచ్చారు. "మనసు లేకపోయినా పిలిచాడు కదా నాయనా, ఆయన వినకుండా ఎలా ఉంటాడు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు, చీటీ మాత్రం దాచుకున్నా.

ఖర్చు: లైట్ల అద్దె 1,200. చివరి మొత్తం 4,450. ఇందులో వృథా అయినవి ఇనుప కత్తి 480, అట్ట 180, పల్చని గుడ్డ 700, కలిపి 1,360. ఈ డైరీ చూసి చేసేవాళ్ళకి 3,090లో అయిపోతుంది.

మిగిలిన పని: రెండో షోకి క్లాడియస్ వేషం మారుతోంది. పాత ఆయన తల చుట్టుకొలత 21 అంగుళాలు, కొత్త ఆయనది ఇరవై రెండున్నర. కిరీటం వెనక అతుకు ఊడదీసి, రెండంగుళాల ముక్క చేర్చి, అర అంగుళం ఒకదాని మీద ఒకటి వచ్చేలా మళ్ళీ బిగించాలి. అతుకు మాత్రం వెనకే ఉండాలి, కుడిచేతి బొటనవేలు పోయే చోటికి రాకూడదు.